మచ్చ మందం తెలిశాకే లేజర్ లోతు

బైకు సైలెన్సర్‌కు పిక్క తగిలి కాలిన మచ్చలు విజయవాడ, గుంటూరు స్కిన్ క్లినిక్‌లకు నిత్యం వచ్చేవే. ఒకే సైజులో, ఒకే రంగులో, చేత్తో తడిమితే ఒకేలా గట్టిగా తగిలే రెండు మచ్చల్లో ఒకటి 2 మి.మీ. మందమే ఉండొచ్చు, రెండోది 5 మి.మీ. దాటి ఉండొచ్చు. పైనుంచి చూసే కంటికి ఆ తేడా దొరకదు. లేజర్‌కు మాత్రం అదే అసలు సంగతి. మొదటి మచ్చ మీద 3 మి.మీ. లోతుకు దిగే ఎనర్జీ పెడితే కిరణం మచ్చను దాటి కింది కొవ్వులోకి వెళ్తుంది. రెండోదాని మీద 1 మి.మీ.తో సరిపెడితే పైపైన కాస్త నునుపు వస్తుంది గానీ లోపలి బిగుతు, దురద ఎక్కడివక్కడే ఉంటాయి. ఆరు సిట్టింగులకు డబ్బు కట్టాక ‘లేజర్ పనిచెయ్యలేదు’ అని పేషెంటు ఇంటికి వెళ్తాడు. పనిచెయ్యనిది లేజర్ కాదు, దాని మీద పెట్టిన నంబరు.

మచ్చ మీద లేజర్ వాడే డాక్టర్ ముందే తేల్చుకోవాల్సినవి నాలుగున్నాయి: ఏ లేజర్, ఎంత లోతు, ఎంత డెన్సిటీ (చర్మంలో ఎంత శాతం మీద కిరణం పడాలి), ఎంతసేపటి పల్స్ (ఒక్కోసారి వదిలే కిరణం నిడివి). అల్ట్రాసౌండ్, డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దది చేసి చూపే భూతద్దం), ఓసీటీ (కాంతితో చర్మం పొరలను చూపే స్కాన్) వంటి పరికరాలన్నీ ఈ నాలుగింటికి జవాబు వెతకడానికే ఉన్నాయి. తీసిన బొమ్మ వల్ల వీటిలో ఒక్కటి కూడా మారకపోతే ఆ ఖర్చు పేషెంటు ఫైలు లావు పెంచడానికి తప్ప దేనికీ పనికిరాదు. క్లినిక్ ప్రకటనల్లో ‘త్రీడీ స్కిన్ అనాలిసిస్’ అని కనిపించినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దీన్ని చూసి సెట్టింగ్‌లో ఏం మారుస్తారు?

మచ్చల తీవ్రతకు మార్కులు వేసే పద్ధతులు లేకపోలేదు. 1990లో వచ్చిన వాంకూవర్ స్కార్ స్కేల్ ఇప్పటికీ వాడుకలో ఉంది. అది రంగు, రక్తనాళాలు, మెత్తదనం, ఎత్తు చూసి మార్కులు ఇస్తుంది. ఇబ్బంది ఆ చివరి మాటలోనే ఉంది. ఎత్తు అంటే చుట్టూ ఉన్న చర్మం కంటే మచ్చ ఎంత పైకి లేచిందన్న లెక్క. మచ్చ కిందికి ఎంత దిగిందో ఆ లెక్కలోకి రాదు. పైకి 1 మి.మీ. మాత్రమే లేచిన కాలిన మచ్చ లోపల 3 మి.మీ. ఉండటం వింతేమీ కాదు.

రంగును వెతికే లేజర్, నీటిని వెతికే లేజర్

1983లో అమెరికా పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ చూపించిన సూత్రం మీదే ఈ చికిత్స మొత్తం నిలబడింది. సరైన తరంగదైర్ఘ్యాన్ని, లక్ష్యం చల్లబడటానికి పట్టే సమయం కంటే చిన్న పల్స్‌గా వదిలితే పక్కనున్న కణజాలం పెద్దగా వేడెక్కకుండా లక్ష్యం ఒక్కటే కాలుతుంది. 595 నానోమీటర్ల పల్స్‌డ్ డై లేజర్, 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మచ్చలో రక్తాన్ని వెతుకుతాయి. 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్, 2940 నానోమీటర్ల ఎర్బియం యాగ్ లేజర్ నీటిని వెతుకుతాయి. అంటే చర్మాన్నే ఆవిరి చేస్తాయి. 2004లో వచ్చిన ఫ్రాక్షనల్ పద్ధతి లేజర్‌ను చర్మమంతా కాకుండా జల్లెడ రంధ్రాల్లా చుక్కచుక్కగా వేస్తుంది. చుక్కల మధ్య మిగిలిన మంచి చర్మం నుంచి గాయం త్వరగా మానుతుంది.

మచ్చ ఎర్రగా, దురదగా, ఇంకా పెరుగుతూ ఉంటే ముందు రక్తనాళాల సంగతి చూడాలి. గట్టిగా, బిగిసి, పాతబడి ఉంటే రంధ్రాలు వేసే లేజర్ పని ఉంటుంది. రెండూ కలిసి ఉంటే రెండూ కావాలి. ఇది కంటితో తేలుతుందని చాలామంది అనుకుంటారు. తెల్లని చర్మం మీద తేలుతుందేమో. మన చర్మం మీద ఎరుపు, ముదురు గోధుమ రంగుతో కలిసి ఊదాగానో, నల్లగానో కనిపిస్తుంది. మచ్చ ‘నల్లబడింది’ అని వచ్చేవాళ్లలో కొందరి సమస్య మెలనిన్ (చర్మానికి నలుపునిచ్చే రంగుపదార్థం) కాదు, రక్తం.

ఇక్కడ 10 రెట్లు పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్ చాలు. ఈ మొత్తం పరికరాల్లో చవకైనదీ, ఎక్కువ నిర్ణయాలు మార్చేదీ అదే. పోలరైజ్డ్ వెలుతురులో, అద్దం తాకించకుండా చూస్తే సన్నని రక్తనాళాలు గీతల్లా కనిపిస్తాయి. అద్దంతో నొక్కితే అవి ఖాళీ అయి మాయమవుతాయి. ఈ మాయం కావడం కూడా పనికొచ్చే పరీక్షే: నొక్కితే పోయే రంగు రక్తం, నొక్కినా నిలిచే గోధుమ రంగు మెలనిన్. మొదట తాకకుండా ఒక ఫోటో, తర్వాత నొక్కి ఇంకొకటి తీస్తే ఏ లేజర్ ముందో చాలావరకు తేలిపోతుంది. మెలనినే ఎక్కువగా ఉంటే ఏ లేజర్‌కైనా తొందరపడకూడదు.

ముఖం మీద ఇంకో చిక్కు ఉంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ కలిసిన ‘ఫెయిర్‌నెస్’ క్రీముల వల్ల బుగ్గల చర్మం పల్చబడి సన్నని ఎర్రని నాళాలు బయటపడతాయి. డెర్మోస్కోప్‌లో అవి మొటిమల మచ్చ చుట్టూ మాత్రమే కాక బుగ్గంతా పరుచుకుని ఉంటాయి. అలాంటి ముఖం మీద మొటిమల గుంటలకని లేజర్ మొదలుపెడితే వాపు, మంట, నల్లదనం మూడూ వస్తాయి. ముందు క్రీము ఆపించి, చర్మం తేరుకునేదాకా నెలలు ఆగాల్సిందే. పేషెంటు దాచిన సంగతిని డెర్మోస్కోప్ బయటపెడుతుంది.

స్కానింగ్ సెంటర్ చీటీలో ఏం రాయాలి

లోతుకు అల్ట్రాసౌండ్‌ను మించింది లేదు. చర్మం కోసమే చేసిన 20 మెగాహెర్ట్జ్, ఆపై ప్రోబులు (చర్మం మీద ఆనించే స్కాన్ పరికరాలు) 0.1 మి.మీ. కంటే చిన్న తేడాలను చూపిస్తాయి. మరి క్లినిక్‌లోనే ఒక చిన్న యంత్రం పెట్టుకుంటే పోదా? మనదేశంలో అదంత తేలిక కాదు. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను ఆపడానికి 1994లో తెచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం వల్ల అల్ట్రాసౌండ్ యంత్రం కొనడం, పెట్టుకోవడం, చోటు మార్చడం అన్నీ రిజిస్ట్రేషన్లు, రికార్డులతో ముడిపడి ఉంటాయి. చర్మం మాత్రమే చూస్తామన్న కారణంతో ఆ బాధ్యత తప్పుతుందని ఎవరూ ధీమాగా ఉండకూడదు. చట్టం ఉద్దేశం మంచిది. దాని నీడ స్కిన్ డాక్టర్ల మీద కూడా పడింది, అంతే.

కాబట్టి ఆచరణలో దారి విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఉన్న స్కానింగ్ సెంటర్ మీదుగా వెళ్తుంది. థైరాయిడ్, రొమ్ము, కీళ్లు చూడటానికి వాళ్ల దగ్గరుండే లీనియర్ ప్రోబ్ 12 నుంచి 18 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తే కాలిన మచ్చకు, కీలాయిడ్‌కు (గాయం హద్దు దాటి ఉబ్బే మచ్చకు) అది చాలు. తల చిన్నగా ఉండే హాకీ స్టిక్ ప్రోబ్ ఉంటే చెవి తమ్మె, వేళ్ల మచ్చలకు ఇంకా మేలు.

అసలు లోపం యంత్రంలో కాదు, చీటీలో ఉంటుంది. ‘స్కార్ — అల్ట్రాసౌండ్’ అని రెండు మాటలు రాసి పంపితే ‘చర్మం మందంగా ఉంది, రక్తప్రసరణ పెరిగింది’ అని రెండు లైన్ల రిపోర్టే వస్తుంది. దాంతో లేజర్ మీద ఏ నంబరూ పెట్టలేం. చీటీలో మచ్చ బొమ్మ గీసి, దాని మీద కనీసం మూడు చోట్లు గుర్తు పెట్టాలి. ఒక్కో చోట చర్మం పైగీత నుంచి డెర్మిస్ (చర్మం లోపలి మందపాటి పొర), కొవ్వు కలిసే గీత వరకు మందం ఎంతో మి.మీ.లో అడగాలి. రెండో కాలు మీద సరిగ్గా అదే చోట మామూలు చర్మం మందం అడగాలి. రక్తం పారడాన్ని చూపే డాప్లర్‌ పద్ధతిలో రక్తప్రవాహం ఉందా లేదా అడగాలి. కొలత గీతలు కనిపించే బొమ్మలు ఇమ్మని కూడా రాయాలి. పక్క కాలి కొలత లేకపోతే 3 మి.మీ. అన్న అంకెకు అర్థం లేదు. వీపు మీద మామూలు డెర్మిసే అంత ఉండొచ్చు, కనురెప్ప మీద చర్మం మొత్తం 1 మి.మీ. కూడా ఉండదు.

స్కాన్ చేసేవారి వైపు నుంచి జరిగే పొరపాట్లు కొన్ని మళ్లీమళ్లీ వస్తాయి. మొదటిది నొక్కడం. పొట్ట స్కాన్ చేసే అలవాటులో ప్రోబ్ అదిమితే మెత్తని మచ్చ పల్చబడుతుంది, సన్నని నాళాల్లో రక్తం ఆగి డాప్లర్ ఖాళీగా కనిపిస్తుంది. ఇంకా పెరుగుతున్న మచ్చకు ‘రక్తప్రవాహం లేదు’ అన్న రిపోర్టు అలాగే పుడుతుంది. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య 3 నుంచి 5 మి.మీ. జెల్ పొర నల్లటి పట్టీలా తెరపై కనిపిస్తూ ఉండాలి. అది కనిపించినంతసేపు నొక్కడం లేదన్నట్టే.

రెండోది ప్రోబ్ ఒరగడం. ప్రోబ్ 30 డిగ్రీలు వాలితే 3 మి.మీ. మచ్చ దాదాపు 3.5 మి.మీ.గా తేలుతుంది. వంపు తిరిగిన మోచేయి, దవడ అంచుల మీద ఇది తెలియకుండానే జరుగుతుంది. చర్మం పైగీత ఎక్కువ మెరుపుతో, సన్నగా కనిపించే కోణమే సరైన కోణం. మూడోది తెర లోతు. థైరాయిడ్ కోసం పెట్టిన 4 సెం.మీ. లోతులోనే మచ్చను చూస్తే 3 మి.మీ. మచ్చ తెర మీద సన్నని పట్టీ అవుతుంది. కొలత గీత వెంట్రుకవాసి జరిగినా అంకె మారిపోతుంది. లోతు 1 లేదా 2 సెం.మీ.కు తగ్గించి, ఫోకస్ పైకి తేవాలి. డాప్లర్‌లో వేగం స్కేలు బాగా కిందికి దించాలి, లేకపోతే మచ్చలో నెమ్మదిగా పారే రక్తం కనపడదు.

బొమ్మ చదవడం కష్టమేమీ కాదు. పైన మెరిసే గీత చర్మం ఉపరితలం. దాని కింద బూడిద రంగులో మెరిసేది మామూలు డెర్మిస్. ఇంకా కింద నల్లగా, మధ్యలో తెల్లని గీతలతో ఉండేది కొవ్వు. ఉబ్బిన మచ్చ మామూలు డెర్మిస్ కంటే ముదురుగా కనిపిస్తుంది. మచ్చ అడుగు అంచు తిన్నగా ఉండటం అరుదు, ఒకచోట దిగి ఒకచోట లేచి ఉంటుంది. మూడు చోట్ల కొలవమనడం అందుకే.

నంబరు దొరికాక

ఒక ఉదాహరణ వేసుకుందాం. పిక్క మీద సైలెన్సర్ మచ్చ. రెండో కాలి చర్మం 1.6 మి.మీ. మచ్చ పై అంచున 2.2, నడుమ 3.4, కింద 2.8 మి.మీ. ఈ మచ్చ మొత్తానికి ఒకే ఎనర్జీ పెట్టడం తప్పు. లేజర్ లోతు ఎక్కడా మచ్చ మందాన్ని దాటకూడదన్నది నియమం. మొదటి సిట్టింగులో మందంలో నాలుగింట మూడు వంతుల దగ్గర ఆగడం జాగ్రత్తపరుల లెక్క. అంటే పైన సుమారు 1.6, నడుమ 2.5, కింద 2.1 మి.మీ. మచ్చను మూడు ముక్కలుగా గీసుకుని మూడు ఎనర్జీలతో చేయాలి. ఎన్ని మిల్లీజౌల్స్‌కు ఎంత లోతన్నది యంత్రాన్ని బట్టి, చుక్క వెడల్పును బట్టి మారుతుంది. ఒక కంపెనీ పట్టిక ఇంకో కంపెనీ యంత్రానికి పనికిరాదు. ఆ పట్టికలు కూడా ఎక్కువగా బయటికి తీసిన చర్మం మీద చేసిన కొలతలు. బతికున్న మచ్చలోని దట్టమైన కొల్లాజెన్ అచ్చం అలాగే స్పందించాలన్న పూచీ లేదు.

మచ్చల కోసం ప్రత్యేకంగా లోతైన మోడ్ ఉన్న కార్బన్ డయాక్సైడ్ లేజర్లు కూడా సుమారు 4 మి.మీ. దగ్గర ఆగుతాయి. మామూలు ఫ్రాక్షనల్ యంత్రాలు అంతకంటే చాలా పైనే ఆగిపోతాయి. కాబట్టి స్కాన్‌లో 7 మి.మీ. అని వస్తే లేజర్ ఒక్కదానితో పని జరగదని ముందే చెప్పొచ్చు. మచ్చలోకి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, మి.లీ.కు 10 నుంచి 40 మి.గ్రా., 4 నుంచి 6 వారాలకోసారి ఇవ్వడం, లేదా లేజర్ రంధ్రాలు తెరిచి ఉండగానే అదే మందును పైన పోసి లోపలికి దింపడం చేస్తారు. మోచేయి మడత మీద తాడులా బిగిసిన మచ్చ అయితే ముందు ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపాలి. స్కాన్ ఇక్కడ చేసే మేలు లేజర్ బాగా చేయించడం కాదు, చేయించకుండా ఆపడం.

లోతు కంటే డెన్సిటీ దగ్గరే మన చర్మం ఎక్కువగా దెబ్బతింటుంది. చర్మం రంగును 1 (బాగా తెలుపు) నుంచి 6 (బాగా నలుపు) దాకా విడదీసే ఫిట్జ్‌పాట్రిక్ లెక్కలో మనవాళ్లలో ఎక్కువమంది 4, 5 రకాలు. కాలిన చోట నల్లబడటం ఈ చర్మం స్వభావం. లేజర్ తెర మీద ‘5 శాతం’ అని కనిపిస్తే 100 పాళ్లలో 95 పాళ్ల చర్మం క్షేమమనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే అలా ఉండదు. ఒక్కో రంధ్రం 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) వెడల్పు అనుకుంటే చదరపు సెం.మీ.లో 5 శాతం నిండాలంటే దాదాపు 440 రంధ్రాలు కావాలి. ప్రతి రంధ్రం చుట్టూ 40 మైక్రాన్ల మేర కణజాలం ఉడికిపోతే ఆ గుండ్రం 200 మైక్రాన్లు అవుతుంది. అప్పుడు వేడి తగిలిన చర్మం 14 శాతం. అదే చోట రెండో పాస్ (మరో విడత లేజర్) వేస్తే పాతిక దాటుతుంది. పల్స్ నిడివి పెరిగినా, వెంటవెంటనే ఒకేచోట స్టాంపు (ఒక్కసారిగా వేసే చుక్కల గుంపు) పడినా ఉడికే వలయం ఇంకా వెడల్పవుతుంది. లోతు పెంచినప్పుడల్లా డెన్సిటీ దించాలి. లోతైన మచ్చలకు 1 నుంచి 5 శాతం మధ్యే, ఒకే పాస్‌తో ఆగడం మన చర్మానికి మంచిది. మెడ, ఛాతీ, పిక్క మీద ఇంకా తక్కువ. ముఖంలో ఉన్నన్ని రోమకూపాలు, తైలగ్రంథులు అక్కడ ఉండవు, చర్మం మానడానికి అవే మొలకలు.

రక్తనాళాల లేజర్‌కు లెక్క వేరు. నాళం వెడల్పును బట్టి అది చల్లబడే సమయం మారుతుంది: 50 మైక్రాన్ల నాళానికి సుమారు 1 మిల్లీసెకను, 100 మైక్రాన్లకు సుమారు 5. మచ్చల్లోవి ఎక్కువగా సన్ననివి కాబట్టి మచ్చలకు చిన్న పల్స్ వాడతారు. చిన్న పల్స్ మెలనిన్‌ను కూడా త్వరగా వేడెక్కిస్తుంది. అందుకే మన చర్మం మీద చల్లబరిచే స్ప్రే, చల్లగాలి ఉంటే బాగుంటుందనే సరుకు కాదు, ఉండి తీరాల్సింది.

ఓసీటీ, కాన్‌ఫోకల్

ఓసీటీ 1991లో మొదట కంటి రెటీనా కోసం వచ్చింది. విజయవాడలో ప్రతి పెద్ద కంటి ఆసుపత్రిలోనూ ఓసీటీ ఉంటుంది కాబట్టి అదే వాడొచ్చు కదా అని కొందరు అడుగుతారు. కంటి యంత్రం కాంతి, కటకాలు కంటి కోసం అమర్చినవి. చర్మానికి వాడేది సాధారణంగా 1300 నానోమీటర్ల కాంతితో పనిచేసే వేరే యంత్రం. 10 మైక్రాన్ల సూక్ష్మతతో కనిపిస్తుంది గానీ 1 నుంచి 2 మి.మీ. కంటే లోతుకు చూడలేదు. కాబట్టి ఉబ్బిన మచ్చ అడుగును కొలవడానికి అది పనికిరాదు. దాని సత్తా వేరేచోట ఉంది: పల్చని మచ్చలో, మొటిమల గుంటలో, లేజర్ వేసిన వెంటనే రంధ్రం నిజంగా ఎంత లోతుకు దిగిందో చూపడంలో. మచ్చ అంచున ఒక్క స్టాంపు వేసి, ఓసీటీతో రంధ్రాల లోతు చూసుకుని, మిగతా మచ్చకు నంబరు పెట్టడం కంపెనీ పట్టికను నమ్మడం కంటే నయం.

ఓసీటీ చదవడంలో ఒక పెద్ద తప్పు పొంచి ఉంటుంది. యంత్రం కొలిచేది కాంతి నడిచిన దూరం. చర్మంలో కాంతి నెమ్మదిస్తుంది కాబట్టి దాన్ని సుమారు 1.4తో భాగిస్తేనే అసలు లోతు వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె సరిగా లేకపోతే 1 మి.మీ. లోతు 1.4గా చూపిస్తుంది. కొత్త యంత్రం వచ్చిన రోజే ఈ సెట్టింగ్ చూసుకోవాలి.

కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కణాలనే చూపిస్తుంది గానీ పావు మి.మీ. దాటి లోపలికి చూడలేదు. మచ్చల లేజర్‌కు దాని మీద డబ్బు పెట్టాల్సిన అవసరం లేదు.

లేజర్ కంటే ముందు వేరే పని ఉన్న గుంటలు

మొటిమల గుంటల్లో లోతు ఒక్కటే చాలదు, ఆకారం కూడా తెలియాలి. సన్నగా, 2 మి.మీ. లోపు నోరుతో లోతుగా దిగే ఐస్ పిక్ గుంటల అడుగు వరకు ఫ్రాక్షనల్ లేజర్ సరిగా చేరదు. వాటికి గాఢమైన ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్‌ను ఒక్కో గుంటలో చుక్కగా పెట్టడమో, పంచ్‌తో (గుండ్రంగా కోసే చిన్న పరికరంతో) తీసేయడమో మేలు. నిలువు గోడలతో పెట్టెలా ఉండే గుంట అర మి.మీ. లోపు లోతుంటే లేజర్‌కు బాగా లొంగుతుంది. అలల్లా వెడల్పుగా ఉండే గుంటలు అడుగున నారలతో కిందికి లాగబడి ఉంటాయి. సూదితో ఆ నారలు కోయకుండా పైన ఎన్ని సిట్టింగులు చేసినా గుంట లేవదు. చర్మాన్ని వేళ్లతో సాగదీసినప్పుడు గుంట తేలికగా పోతే నార పట్టు తక్కువ, పోకపోతే ఎక్కువ. ఈ పరీక్షకు యంత్రమే అక్కర్లేదు.

ఫోటోల విషయంలో ఫోన్లు మోసం చేస్తాయి. ముఖం కనిపిస్తే చాలు, చాలా ఫోన్లు తమంతట తామే చర్మాన్ని నునుపు చేసేస్తాయి. ముందు ఫోటో ఒక ఫోన్‌తో, తర్వాతి ఫోటో ఇంకో ఫోన్‌తో తీస్తే చికిత్స లేకుండానే ‘ఫలితం’ కనిపిస్తుంది. బ్యూటీ మోడ్ ఆపి, ఒకే దూరం నుంచి, పక్క నుంచి ఏటవాలుగా పడే ఒకే దీపంతో, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోనే ఫోటో. గుంటలు నీడలోనే కనిపిస్తాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే మాయమవుతాయి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కీలాయిడ్ అనుకుని వచ్చిన గడ్డ స్కాన్‌లో కొవ్వులోకి వేళ్లలా చొచ్చుకుపోయి కనిపిస్తే, లేదా గాయం తగిలిన గుర్తు లేని చోట నెమ్మదిగా పెరుగుతూ ఉంటే లేజర్ పక్కన పెట్టి బయాప్సీ చేయించాలి. డెర్మటోఫైబ్రోసార్కోమా అనే చర్మ క్యాన్సర్ కీలాయిడ్ వేషంలో వస్తుంది. పాతికేళ్ల క్రితం కాలిన మచ్చ మీద కొత్తగా పుండు పడి మానకపోయినా అంతే, ముందు బయాప్సీ. అలాంటి చోట లేజర్ వేస్తే రోగం పోదు, నిర్ధారణ ఆలస్యమవుతుంది.

లేజర్ రోజు క్రమం

బొమ్మలన్నీ మత్తు క్రీము రాయకముందే తీయాలి. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీము ప్లాస్టిక్ కింద గంటసేపు ఉంటే చర్మం మొదట తెల్లబారుతుంది, ఇంకా ఉంచితే ఎర్రబడుతుంది. పైపొర తడిసి ఉబ్బుతుంది. అప్పుడు తీసిన డెర్మోస్కోప్ బొమ్మలో రక్తనాళాలకు, స్కాన్‌లో మందానికి అర్థం ఉండదు. మచ్చలోకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక మందం కొలవడం ఇంకా తప్పు. క్రీమును కాళ్లకో, వీపుకో పెద్ద మేర రాసి ప్లాస్టిక్ చుట్టడం ప్రమాదం, మందు రక్తంలోకి పోతుంది.

కొలిచిన చోట్లను మార్కర్‌తో గుర్తు పెడితే జెల్‌తో పాటే చెరిగిపోతాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మచ్చ మీద పరిచి, మచ్చ అంచును, దగ్గర్లోని పుట్టుమచ్చను గీసుకుంటే మూడు నెలల తర్వాత కూడా అదే చోటు దొరుకుతుంది. రంగును వెతికే లేజర్ వేసేముందు మార్కర్ గీతలు, బొట్టు, కాటుక పూర్తిగా తుడవాలి. పల్లెల్లో పెద్దవాళ్ల ముంజేతి మీద పచ్చబొట్టు ఉంటే ఎన్‌డీ యాగ్ చుక్క దాని మీద పడకూడదు, అక్కడ చర్మం కాలిపోతుంది. స్పిరిట్‌తో తుడిచి ఆరకముందే కార్బన్ డయాక్సైడ్ లేజర్ వాడితే మంట అంటుకుంటుంది.

పేషెంటు మీద వేసేముందు తడిపిన చెక్క స్పాచులా మీద ఒక స్టాంపు వేసి చూడాలి. గురి చూపే ఎర్ర చుక్క, అసలు కిరణం ఒకేచోట పడుతున్నాయా, చుక్కలన్నీ సమానంగా ఉన్నాయా అక్కడే తెలుస్తుంది. ఒక పక్క చుక్కలు పల్చగా ఉంటే లెన్సు మీద పొగ పేరుకుందని అర్థం. తెర మీద ఎనర్జీ సరిగానే కనిపిస్తుంది, చర్మానికి మాత్రం తక్కువ చేరుతుంది. స్కాన్‌లో 0.1 మి.మీ. వరకు కొలిచి ఇక్కడ లెన్సు తుడవకపోతే ఆ కొలతంతా వృథా. గదిలో పొగ పీల్చే యంత్రం, అందరికీ ఆ తరంగదైర్ఘ్యానికి సరిపోయే కళ్లద్దాలు ఉండాలి.

టెస్ట్ స్పాట్ వేస్తే దాని ఫలితం మర్నాడు చూడటం వృథా. మన చర్మం నల్లబడేది మూడు, నాలుగు వారాలకు. నెల ఆగాకే ఆ చుక్క చెప్పేది వినాలి.

తర్వాతి వారాలు

కృష్ణా తీరంలో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. మచ్చల లేజర్‌కు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉండే కాలం అనువైనది. ఎండన పడి తిరిగే వృత్తివాళ్లకు, చర్మం ఇప్పటికే ఎండకు నల్లబడి ఉన్నవాళ్లకు వేసవిలో డెన్సిటీ తగ్గించడం కాదు, వాయిదా వేయడమే సరి. ముఖం మీద పొక్కులు 5 నుంచి 7 రోజుల్లో రాలతాయి, పిక్క మీద రెండు వారాలు కూడా పట్టొచ్చు. ఆ రోజుల్లో వాజలిన్ పలచగా రాయాలి, గిల్లకూడదు. పసుపు, పసరు పెట్టకూడదు. చర్మం మూసుకున్నాకే సన్‌స్క్రీన్.

గుంటూరులో దీనికి తోడు మిర్చి యార్డు ఉంది. ఫిబ్రవరి నుంచి సరుకు రాక పెరిగేకొద్దీ గాలిలో ఘాటు పెరుగుతుంది. వందల సన్నని రంధ్రాలు తెరిచి ఉన్న చర్మం మీద మిరప దుమ్ము పడితే ఆ మంట, వాపు నల్లమచ్చగా మిగలడానికి చాలు. తొడిమలు తీసేవాళ్లకు, బస్తాలు మోసేవాళ్లకు ఆ సీజన్‌కు ముందే సిట్టింగ్ పూర్తి కావాలి. లేదా చర్మం మూసుకునేదాకా యార్డుకు వెళ్లనక్కర్లేని తేదీ చూడాలి. గడ్డం కింద మచ్చ ఉన్నవాళ్లకు హెల్మెట్ పట్టీ రాసుకోవడం కూడా ఇలాంటిదే. హెల్మెట్ మానమని చెప్పలేం కాబట్టి పట్టీ కింద మెత్తని గాజుగుడ్డ పెట్టమనాలి.

ముఖానికి సిట్టింగుల మధ్య 4 నుంచి 6 వారాలు, కాలిన మచ్చలకు 6 నుంచి 12 వారాలు విరామం ఉంటుంది. రెండు సిట్టింగులయ్యాక, మూడోదానికి ముందు అదే షీటు పరిచి, అవే మూడు చోట్లు, అదే స్కానింగ్ సెంటర్‌లో మళ్లీ కొలవాలి. మొదటి రోజే ఒక్కో చోట మూడుసార్లు ప్రోబ్ తీసి మళ్లీ పెట్టి కొలిపిస్తే ఆ చేతి పొరపాటు ఎంతో తెలుస్తుంది. మూడు కొలతల మధ్య తేడా 0.3 మి.మీ. ఉంటే, తర్వాత 0.2 మి.మీ. తగ్గిందని సంబరపడటానికి లేదు. మందం ఆ పొరపాటు కంటే ఎక్కువ తగ్గి, డాప్లర్‌లో ప్రవాహం కూడా తగ్గితే అదే దారిలో వెళ్లొచ్చు, కాకపోతే లేజర్ లోతును కొత్త మందానికి తగ్గట్టు తగ్గించాలి. పాత నంబరుతోనే మూడో సిట్టింగ్ చేస్తే పల్చబడిన మచ్చను దాటి కిరణం కొవ్వులోకి దిగుతుంది. మందం కదలకుండా ప్రవాహం మాత్రం జోరుగా ఉంటే రంధ్రాలు వేయడం ఆపి ఇంజెక్షన్ వైపో, రక్తనాళాల లేజర్ వైపో మళ్లాలి. రెండు వరుస కొలతల్లో ఏదీ కదలకపోతే ఇంకో సిట్టింగ్‌కు తేదీ ఇవ్వకూడదు. స్కానింగ్ సెంటర్ గానీ, ప్రోబ్ గానీ మారితే పాత అంకెలతో పోల్చడం మానేసి, ఆ రోజు కొలతనే మొదటి కొలతగా రాసుకోవాలి.